దించే ముందు కొంచెం పైకి

మా ఊళ్ళో చలికాలంలో పోయినవారిని మే నెలలో పూడుస్తారు. నేల గడ్డకట్టి గునపం దిగదు కనుక, శవపేటికలను శ్మశానం అంచున గుట్టను తొలిచి కట్టిన రాతిగదిలో ఉంచి, మంచు కరిగి మన్ను మెత్తబడేదాకా ఆగుతారు. అమెరికా ఉత్తరపు అంచున సుపీరియర్ సరస్సులోకి పొడుచుకుపోయిన ఈ పాత రాగిగనుల నేల మీద పుట్టినవారెవరికీ ఇది వింతగా తోచదు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. పోయిన మనిషి చలికాలమంతా పూర్తిగా పోయినట్టు ఉండడు. అతని టోపీ మేకుకు వేలాడుతూనే ఉంటుంది, తీయడానికి ఎవరికీ చేయి రాదు.

ఏప్రిల్ చివరలో హిల్మా కెస్కితాలో అనే ఆవిడ నా తలుపు తట్టిన నాటికి, ఆమె భర్త రేనో టోపీ అలాగే వేలాడుతోంది.

మా రెండు ఇళ్ళకూ మధ్య ఒక కంచె మాత్రమే అడ్డం. నేను జోసయా ట్రెంబాత్‌ను. ఊరి బడిలో భౌతికశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. ఆమె పిల్లలు నా దగ్గరే చదివారు. అందుచేత ఆమె కూడా నన్ను మాస్టారనే పిలుస్తుంది.

గుమ్మంలోనే నిలబడి అడిగింది. "మాస్టారూ, మీకు దెయ్యాల మీద నమ్మకం లేదు కదా?"

"లేదు."

"అందుకే మీ దగ్గరికొచ్చా. నమ్మేవాళ్ళు నాకు పనికిరారు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. చేతి తొడుగులు తీసి మళ్ళీ తొడుక్కుంది.

"గ్యారేజీలో రేనో తడుతున్నాడు" అన్నది. "రోజూ పొద్దు వాలగానే, ఒక్కటే దెబ్బ, ఇనుము మీద ఇనుము వేసినట్టు. చలికాలమంతా లేదు. ఎండ మొదలయ్యాక మొదలైంది. వచ్చే శనివారం ఆయన్ని పూడుస్తారు. ఆ లోపల నాకొక సంగతి తెలియాలి."

"ఏమిటది?"

"ఆయన్ని చంపింది నేనా కాదా అని."

రేనో ఎలా పోయాడో ఊరందరికీ తెలుసు. మా రోడ్ల మీద మంచు కరగడానికి చలికాలమంతా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కార్ల అడుగును చెదపురుగులా తినేస్తుంది. అందువల్ల తొలి మంచు పడేలోగా ప్రతి ఇంట్లోనూ కారును ఎత్తి, అడుగంతా కడిగి, తుప్పు గీకి, నూనె కొట్టడం ఒక వ్రతంలా జరుగుతుంది. రేనో ఈ వ్రతం కోసమే మోసుకుపోగలిగే కారు లిఫ్టు ఒకటి కొనుక్కున్నాడు. రెండు పొడవాటి ఇనుప చట్రాలు. నేల మీద పరిస్తే జానెడు ఎత్తు కూడా ఉండవు. కారుకు రెండు పక్కల నుంచీ వాటిని కిందికి తోసి, కారు అంచుల కింద నాలుగు రబ్బరు దిమ్మలు అమర్చి, పొడవాటి తీగ చివర ఉన్న బటన్ల పెట్టెలో ఒకటి నొక్కితే, పంపు గుర్రుమంటూ గొట్టాల్లోకి నూనె నెడుతుంది. పడుకున్న ఆవు లేచినట్టు చట్రాలు కారుతో సహా లేస్తాయి. పని అయ్యాక మడిచి గోడకు చేరవేయవచ్చు. మా వీధిలో సగం కార్లు ఆ చట్రాల మీదికి ఎక్కి దిగినవే; నా కారు కూడా.

లేచిన చట్రం దానంతట అది కూలకుండా లోపల రంపంలాంటి పళ్ళవరస, దాని మీద ఒక అడ్డుకడ్డీ ఉంటాయి. చట్రం లేచేకొద్దీ కడ్డీ ఒక్కో పన్ను దాటి తరువాతి పంటి మీద పడుతుంది. పంటి మీద కూర్చున్న చట్రం కొండనైనా మోస్తుంది. దించాలంటే ముందు కొంచెం పైకి లేపాలి. కడ్డీ మీద బరువు తొలగాక దాన్ని చేత్తో పక్కకు వాల్చి, ఆ తరువాతే కిందికి నొక్కాలి. రేనోకు ఒక చెడ్డ అలవాటుండేది. పంటి మీద కూర్చోబెడితే కారు తన చేతికి సరిగ్గా అందడం లేదని, పంటికి వేలెడు పైన, ఒట్టి నూనె బలం మీదే చట్రాన్ని నిలిపి పనిచేసేవాడు. నేను చెప్పాను. అందరూ చెప్పారు.

నవంబరులో ఆ రోజు అతను కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బటన్ల పెట్టె ఎప్పటిలాగే హిల్మా చేతిలో ఉంది. కారు ఒక పక్కకు జారి అతని మీద పడింది. అగ్నిమాపక దళంవారు వచ్చి, ముందుగా ప్లగ్గు పీకేసి, కారును తమ పనిముట్లతో లేపి బయటికి లాగారు. కారు అంచు తుప్పు పట్టి గుల్లయిందనీ, పైన నల్లరంగు పొర వల్ల తెలియలేదనీ, దిమ్మ దానిలోకి దిగబడిపోయిందనీ చెప్పారు. ఊరు అక్కడితో తృప్తిపడింది.

"వాళ్ళకి తెలియందొకటుంది" అన్నది హిల్మా. "ఆయన కింద నుంచి 'కొంచెం పైకి' అన్నాడు. నేను నొక్కాను. వెంటనే పడింది. పైకి నొక్కానో కిందికి నొక్కానో నాకు తెలియదు, మాస్టారూ! చేతికి లావు తొడుగులు. బటన్ల మీద బాణం గుర్తులు నూనె చేతులకి ఎప్పుడో అరిగిపోయాయి. వేసవిలో ఒకసారి ఇలాగే తప్పు నొక్కితే 'నన్ను అప్పడం చేస్తావటే' అని నవ్వాడు. ఆ నవ్వే నాకు వినిపిస్తూ ఉంటుంది."

ఆమె భయంలో తర్కం ఉంది. కిందికి నొక్కి ఉంటే, నూనె మీద తేలుతున్న చట్రం ఒక్కసారిగా పంటి మీద పడి ఉంటుంది. గుల్లబారిన అంచు విరగడానికి ఆ కుదుపు చాలు.

* * *

మరునాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి వంటింట్లో రేనో వాళ్ళన్న ఆర్వో ఉన్నాడు. ఎనభై దాటినవాడు, గనిలో పనిచేసిన చివరి తరం మనిషి. యాలకుల రొట్టెను కాఫీలో ముంచి తింటున్నాడు.

"రావయ్యా మాస్టారూ! మా తమ్ముణ్ణి పట్టుకోడానికి ఒట్టి చేతులతో వచ్చావే? వల తేలేదా?"

"బావగారూ, ఊరుకోండి" అన్నది హిల్మా.

"నేనేమన్నానమ్మా? బతికున్నన్నాళ్ళూ పదిసార్లు పిలిస్తే గానీ పలకని మనిషి, ఇప్పుడు పిలవకుండానే తలుపు కొడుతున్నాడంటే మంచి మార్పే కదా. అయినా అది వాడు కాదు. ఈయన తాతల కాలం నాటి మరుగుజ్జుల్లో ఒకడై ఉంటాడు. దారి తప్పి పైకొచ్చాడు."

ఆ మాట నన్ను ఉద్దేశించినదే. గని గోడల లోపల మరుగుజ్జులు సుత్తితో తట్టి, కప్పు కూలబోతోందని హెచ్చరిస్తారని ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల నుంచి వచ్చిన మా పూర్వులు నమ్మేవారు. మా తాత ఆ చప్పుడు విని పరుగెత్తి బయటపడినవాడు. రాయి ఒత్తిడికి లోనైనప్పుడు విరిగేముందు టకటకమంటుందని కాలేజీలో చదువుకున్నాక, ఇంటికి వచ్చి ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన పైపు వెలిగించుకుంటూ, "చప్పుడు నిజమే కదరా? చాల్లే" అన్నాడు. ఆ మాటను తోసిపుచ్చడానికి నాకు ఇంతవరకు అవసరం కలగలేదు.

"శవాన్ని పూడ్చకుండా ఉంచితే తట్టక ఏం చేస్తాడు" అన్నాడు ఆర్వో, ఈసారి నవ్వకుండా. "నేనైతే తన్నేవాణ్ణి."

పొద్దు వాలే వేళకు హిల్మా గ్యారేజీ తలుపు తాళం తీసింది. నవంబరు తరువాత లోపలికి అడుగుపెట్టడం తనకు అదే మొదటిసారి అన్నది. చప్పుడును ఇన్నాళ్ళూ బయట నుంచే విన్నదట.

కారు లేదు, దాన్ని నవంబరులోనే తీసుకుపోయారు. లిఫ్టు ఉంది. రెండు చట్రాలూ ఆనాటి ఎత్తులోనే నిలబడి ఉన్నాయి. ఒకదాని మీద రబ్బరు దిమ్మలు రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గొట్టాలు వదులుగా పంపు దాకా పాకి ఉన్నాయి. పీకేసిన ప్లగ్గు నేల మీద పడి ఉంది. మన కంటికి కనబడని కారునొకదాన్ని ఎత్తిపట్టుకుని, ఎవరో వచ్చి పని ముగించేదాకా దించనని పంతం పట్టినట్టుంది ఆ యంత్రం. రేనో పడుకునే చక్రాల పలక గోడకు ఆనించి ఉంది. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి ఒక చట్రం మీద పడుతోంది.

ముగ్గురం గోడ వార నిలబడ్డాం. ఎండ చట్రం మీద నుంచి నేల మీదికి, అక్కడి నుంచి గోడ మీదికి జరిగింది. తరువాత అసలే లేకుండా పోయింది. లోపలి చలి పాదాలకు తెలిసింది. రేకు కప్పు రెండు మూడుసార్లు చిటపటమంది. అది కాదని హిల్మా తల అడ్డంగా ఊపింది.

అప్పుడు మోగింది.

ఒక్కటే దెబ్బ. పొట్టిగా, బరువుగా, మనిషి నడుము ఎత్తు నుంచి. హిల్మా నా మోచేయి పట్టుకుంది. నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయపడిన జంతువు తనను తాను పెద్దదిగా చూపించుకోవడానికి చేసే పని అది. ఒంటి మీద బొచ్చు పోయినా మనకు ఆ అలవాటు పోలేదు. ఈ వివరణ నాకు అప్పుడే గుర్తొచ్చింది. వెంట్రుకలు మాత్రం కాసేపు అలాగే ఉన్నాయి.

ఆర్వో టోపీ తీశాడు. "వింటున్నాంరా" అన్నాడు చట్రంతో.

* * *

మర్నాడు పగటిపూట టార్చిలైటు పట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. ఎండ పడుతున్న చట్రంలో అడ్డుకడ్డీ పంటిని ఆనుకోవలసిన చోటును వెతికాను. అట్టపెట్టెలోంచి చింపుకొచ్చిన చిన్న ముక్కను అక్కడ దోపితే సులువుగా దూరింది. కడ్డీ పంటి మీద లేదన్నమాట. వెంట్రుకవాసి పైన తేలుతోంది. సాయంత్రం చప్పుడు అయ్యాక మళ్ళీ చూస్తే అట్టముక్క పంటికీ కడ్డీకీ మధ్య బిగుసుకుపోయి లాగినా రాలేదు.

అంతే సంగతి. చట్రంలో చిక్కుకుపోయిన నూనె ఎండకు వ్యాకోచిస్తుంది. చట్రం పంటి మీద నుంచి రవంత లేస్తుంది. పొద్దు వాలాక నూనె కుంచించుకుపోతుంది. చట్రం మాత్రం మడతల దగ్గర రాపిడికి పట్టుకుని కాసేపు మొరాయించి, చివరికి ఒక్కసారిగా పంటి మీద పడుతుంది. చలికాలంలో ఎండ లేదు, చప్పుడూ లేదు. రేనో లేడు.

ఇంటికి తిరిగి వస్తూ కంచె దగ్గర ఆగిపోయాను. హిల్మా నన్ను అడిగింది చప్పుడెక్కడిదని కాదు. ఆమె అడిగినదానికి జవాబు ఆ చట్రంలోనే ఉందని అప్పుడు తోచింది.

వెనక్కి వెళ్ళి, ఆర్వోతో వంటింటి బల్ల దగ్గర ఉన్న హిల్మాకు చప్పుడు సంగతి చెప్పి, అడిగాను. "ఆ రోజు గ్యారేజీలో పొయ్యి వెలిగించారా?"

"వెలిగించకపోతే ఎలా? వెచ్చగా లేకపోతే అడుక్కి కొట్టే నూనె గడ్డకడుతుంది కదా. గోడ మీద థర్మామీటరుకి ఆయన పెన్సిల్ గీత పెట్టుకున్నాడు. ఎర్రగీత అక్కడికొస్తే గానీ మొదలుపెట్టడు. ఆ రోజూ అంతే. కోటు కూడా విప్పేశాడు."

"ఆ తరువాత ఎవరూ ప్లగ్గు పెట్టలేదు కదా?"

"మీరొచ్చేదాకా తాళమే తీయలేదంటుంటే."

"అయితే విను. ప్లగ్గు లేకపోతే పైకీ పోదు, కిందికీ రాదు. ఆ రోజు నువ్వు ఆఖరున నొక్కినప్పుడు లోపల ఎంత నూనె ఉందో ఇప్పటికీ దాదాపు అంతే ఉంది. కిందికి నొక్కి ఉంటే చట్రం అప్పుడే పంటి మీద కూర్చుంది. అంటే ఆ పెన్సిల్ గీత వేడి దగ్గర నూనె సరిగ్గా పంటి ఎత్తుకు సరిపడా ఉంది. పైకి నొక్కి ఉంటే అదే వేడి దగ్గర పంటికి పైన తేలుతూ ఉంది. మళ్ళీ గ్యారేజీని ఆ గీత దాకా వేడిచేద్దాం. అట్టముక్క బిగుసుకునే ఉంటే కింది బటను. వదులైతే పై బటను."

"ఎండకి లేస్తోందన్నారుగా. ఇప్పుడే తెలిసిపోయినట్టు కాదా?"

"కాదు. కిటికీలోంచి ఎండ నేరుగా ఆ చట్రం మీద పడుతోంది. ఇనుము గీతను మించి కాలుతోందేమో గోడ మీది థర్మామీటరు చెప్పలేదు. కిటికీకి దుప్పటి కట్టి, పొయ్యితోనే వేడిచేయాలి."

"కింది బటనని తేలితే నాకు చెప్తారా?"

"నువ్వు చెప్పమంటే చెప్తాను."

"మెత్తగా చెప్పొద్దు. ముసలిది కదా అని జాలిపడొద్దు. చూసింది చూసినట్టు చెప్పాలి."

"అలాగే."

ఆర్వో రొట్టె పక్కన పెట్టేశాడు. "ఎందుకమ్మా ఈ గొడవ? తెలుసుకుంటే వాడు లేచొస్తాడా?"

"ఆయన రాడు, బావగారూ. శనివారం ఆయన పెట్టె ముందు నేను నిలబడాలి. ఎలా నిలబడాలో నాకు తెలియాలి."

* * *

శుక్రవారం పొద్దున్నే పొయ్యి ముట్టించాం. రేనో చీల్చి పేర్చిన బర్చి కట్టెలే. కిటికీకి దుప్పటి కట్టాను. ప్లగ్గును అందరికీ కనబడేలా కుర్చీ మీద పెట్టాను. అట్టముక్క పంటి సందులో బిగుసుకుని ఉంది. వేలితో కదిపి చూశాను, కదల్లేదు.

గాలి త్వరగానే వేడెక్కింది. ఇనుము అంత త్వరగా వేడెక్కదు, లోపలి నూనె ఇంకా ఆలస్యం. హిల్మా ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి, తలుపు దగ్గర, ఆ రోజు తాను నిలబడిన చోటనే స్టూలు వేసుకుని కూర్చుంది. కావాలని అక్కడ కూర్చుందో, అలవాటుగా కూర్చుందో తెలియదు. ఆర్వో కట్టెలు అందిస్తూ, తమ్ముడు చిన్నప్పుడు గని కుళాయి దగ్గర తనను తోసేసి పారిపోయిన కథ చెప్పాడు. ఎవరమూ నవ్వకపోయేసరికి, "అప్పుడు నేనూ నవ్వలేదులే" అని తనే ముగించాడు.

మధ్యాహ్నానికి ఎర్రగీత పెన్సిల్ గీతను తాకింది. నేను వెళ్ళి అట్టముక్కను వేలితో కదిపాను.

కదల్లేదు.

వెనక్కి తిరగడానికి నాకు మనసు రాలేదు. జీవితమంతా పిల్లలకు ప్రయోగఫలితాన్ని ఉన్నదున్నట్టు రాయమని చెప్పినవాణ్ణి; ఆ క్షణాన ఒక చిన్న అట్టముక్క ముందు వంగి, దానిని బతిమాలుతున్నాను. నా వీపు చూసే హిల్మా గ్రహించింది.

"బిగిసే ఉందా?"

"ఉంది."

"అయితే..."

"ఇప్పుడే కాదు. గాలి వేడెక్కింది, నూనె ఇంకా ఎక్కలేదు. ఆగాలి. గీత దాటకుండా చూడండి, ఆర్వో. ఒక్కో కట్టె మాత్రమే వేయండి."

"మాస్టారూ, జాలిపడొద్దన్నాను."

"జాలి కాదు, హిల్మా. ఇనుము సంగతి ఇంతే."

ఆగాం. పొయ్యిలో కట్టె కుంగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. దుప్పటి కట్టిన కిటికీ వల్ల గ్యారేజీ అంతా పొయ్యి వెలుతురులో ఎర్రగా ఉంది. ఖాళీ చట్రాల నీడలు గోడ మీద కారంత పెద్దవిగా లేచి ఆడుతున్నాయి. ఆర్వో ఆ నీడలను చూడకుండా పొయ్యి వైపే తిరిగి కూర్చున్నాడు. హిల్మా మాత్రం రెండు చట్రాల మధ్య ఖాళీ నేలను చూస్తోంది. ఆమె పెదవులు కదిలాయి. ఏమందో వినిపించలేదు.

అప్పుడు అట్టముక్క పడింది.

ఎవరమూ దాన్ని తాకలేదు. అంత దగ్గరలో ఎవరమూ లేము. పంటి సందులో నిటారుగా ఉన్నది మెల్లగా ఒరిగి, రెండు పల్టీలు కొట్టి, కాంక్రీటు నేల మీద వాలింది. ప్లగ్గు కుర్చీ మీదే ఉంది. పంపు మోగలేదు. చట్రం మాత్రం, తన మీద ఏమీ లేకుండా, బటను ఎవరూ నొక్కకుండా, పైకి లేస్తోంది.

"ఓరి దేవుడా" అన్నాడు ఆర్వో, వీపుకు చలి కొట్టినవాడిలా.

నేను టార్చి వేసి చూశాను. ఎర్రగీత పెన్సిల్ గీత మీదే ఉంది. పంటికీ కడ్డీకీ మధ్య వెలుతురు కనబడుతోంది. ఇంకా ఆగాను. నాకు వెంట్రుకవాసి సందు చాలదు; వెంట్రుకవాసిలో పొరపాటు దాక్కోగలదు. సాయంత్రం కాబోతుండగా, థర్మామీటరు పక్కన తాడుకు వేలాడుతున్న రేనో చదునైన వడ్రంగి పెన్సిలును తీసి ఆ సందులో పెట్టాను. అడ్డం లేకుండా దూరి, అవతలికి వచ్చింది. రెండో చట్రంలోనూ దూరింది.

పెన్సిలు తెచ్చి హిల్మా అరచేతిలో పెట్టాను.

"పై బటనే నొక్కావు" అన్నాను.

ఆమె పెన్సిలును పట్టుకుంది. "ఖాయమా?"

"నేను ఏదీ ఖాయమని అనను. నీకు తెలుసు. కానీ దీని మీద నా ఇల్లు పందెం కాస్తాను." చెప్పవలసినది చెప్పాను. "ఇంకొకటి కూడా ఉంది. పైకి లేచేటప్పుడు కూడా కారు కొంచెం కదులుతుంది. గుల్లబారిన అంచు ఆ కదలికకే విరిగి ఉండవచ్చు. అది నీ దగ్గర దాచను."

హిల్మా చాలాసేపు పొయ్యిని చూసింది.

"కొంచెం పైకి అని ఆయనే అడిగాడు" అన్నది చివరికి. "అడిగిందే చేశాను. మిగతాది ఉప్పు చేసింది."

లేచి స్టూలు మడిచింది. ఇంట్లోకి వెళ్ళాక, మేకు మీది టోపీని తీసి ఒడిలో పెట్టుకుని ఏడ్చింది. ఆర్వో కాఫీ కాచాడు. చాలా చెడ్డ కాఫీ. పొయ్యి ఆరి, గ్యారేజీ చల్లారాక, అంతకుముందెన్నడూ లేనంత బిగ్గరగా ఒక దెబ్బ వినిపించింది. కప్పులు గలగలమన్నాయి.

"వాడికి చలేస్తోంది" అన్నాడు ఆర్వో. "రేపటితో తీరిపోతుందిలే."

* * *

శనివారం రాతిగది తలుపు తెరిచారు. లోపలి నుంచి చలికాలం వాసన వచ్చింది. పెట్టెను మోసుకొచ్చి, గోతికి అడ్డంగా వేసిన పలకల మీద దించారు. పాస్టరు తన మాటలు ముగించాడు. మోసేవారు పెట్టె కింది నుంచి పట్టీలు తీసుకుని నిలబడ్డారు.

గోతులు తవ్వే మనిషి మెల్లగా అన్నాడు. "దించే ముందు కొంచెం పైకి. పలకలు తీయాలి."

హిల్మా నా పక్కనే ఉంది. తలెత్తి అతని వైపు చూసింది. మనుషులు పట్టీలు లాగారు, పెట్టె రవంత లేచింది, పలకలు జారిపోయాయి. ఆమె కుడిచేయి నల్లటి తొడుగులో పక్కన వేలాడుతోంది. దాని బొటనవేలు ఒకసారి గట్టిగా వంగడం చూశాను. తరువాత పెట్టె దిగింది, ఏ కుదుపూ లేకుండా, నిదానంగా. ఆమె చివరిదాకా నిలబడి చూసింది.

ఇంటికి వచ్చాక బట్టలైనా మార్చుకోకుండా గ్యారేజీ తెరిచి, ప్లగ్గు తానే పెట్టింది. నేనూ ఆర్వో చెరో చట్రం దగ్గర కూర్చున్నాం. ఆమె బటన్ల పెట్టె చేతిలోకి తీసుకుని, తొడుగులు విప్పి జేబులో పెట్టుకుంది. నొక్కబోయి ఆగింది. వంగి, రెండు చట్రాల మధ్య ఖాళీలోకి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"కింద ఎవరూ లేరమ్మా" అన్నాడు ఆర్వో మెత్తగా.

"తెలుసు. అయినా చూడాలి."

పైకి నొక్కింది. పంపు గుర్రుమంది. కడ్డీలు బరువు వదిలాయి. మేమిద్దరం వాటిని పక్కకు వాల్చాం. కిందికి నొక్కింది. రెండు చట్రాలూ నిట్టూర్చినట్టు మడుచుకుంటూ నేలకు ఆనుకుని, ఒట్టి ఇనుపకమ్మీలైపోయాయి.

ఆ ఇంట్లో శనివారమంటే సౌనా రోజు. పెరట్లోని ఆ చెక్కగదిలో రాళ్ళు కాల్చి, ఆవిరిలో కూర్చుని స్నానాలు చేస్తారు. ఆఖరి ఆవిరిని మాత్రం ఎవరూ వాడుకోరు. కంటికి కనబడకుండా ఇంటిని కాచేవాడి కోసమని రాళ్ళ మీద ఒక్క గరిటె నీళ్ళు పోసి తలుపు మూసి వచ్చేస్తారు. నేనూ ఆర్వో ముందు ముగించాం. హిల్మా తన వంతు అయ్యాక తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, మెట్ల మీద మా పక్కన కూర్చుంది. సరస్సు మీద పొద్దు వాలిపోతోంది. మాటలు వాటంతటవే ఆగిపోయాయి. ఆ వేళకు ఆగడం ముగ్గురికీ అలవాటైపోయింది.

గ్యారేజీ మౌనంగా ఉంది. ఉంటుందని నాకు తెలుసు. అయినా చెవి అటే ఉంది.

ఇంతలో మా వెనుక, ఎవరూ లేని సౌనాలోంచి, ఒక్కటే దెబ్బ వినిపించింది. పొట్టిగా, బరువుగా.

హిల్మా నా వైపు తిరిగింది. నేను నోరు తెరిచాను.

"చెప్పొద్దు, మాస్టారూ" అన్నది. "తెలుసు. రాయి చల్లారుతోంది."

తెలుసన్న మనిషి లేవలేదు. నేనూ లేవలేదు. ఆర్వో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.